పాత బొమ్మల కథల పత్రికలు - వాని వెల, వాని విలువ

లోకమున కొన్ని వస్తువులు పాతబడినకొలది చవుకయగును. కొన్ని పాతబడినకొలది ప్రియమగును. పాత బియ్యమునకును, పాత బెల్లమునకును వైద్యులు ప్రత్యేక గుణములు చెప్పుదురు. నిన్నటి వార్తాపత్రికయో, పొట్లము కట్టుటకు తప్ప వేరు పనికి రాదందురు. కాని ఆ పత్రికయే అరువది డెబ్బది యేండ్లు చెక్కుచెదరక నిలిచినచో పరిశోధకులు దానిని వెదకికొని వత్తురు. పిల్లల బొమ్మల పత్రికల సంగతి ఇంతకన్నను విచిత్రమైనది. చదివి చించివేయుటకే పుట్టినవని పెద్దలు తలచిన ఆ కాగితములకు నేడు కొనుగోలుదారులు ఏర్పడినారు. వానికి వెల యెట్లు కలిగెను? ఆ వెలకును నిజమైన విలువకును గల భేదమేమి? నెల్లూరు తీరమందలి పల్లెలలో, అటకలమీదను, పాత పెట్టెలలోను మిగిలియున్న అట్టి పత్రికల విషయమున గ్రంథాలయము చేయదగిన దేమి? ఇవి విచారింపదగిన ప్రశ్నలు.

చిత్రకథ ప్రాచీనత

బొమ్మలతో కథ చెప్పుట పరదేశమునుండి తెచ్చుకొన్న విద్య కాదు. భవభూతి రచించిన ఉత్తరరామచరిత నాటకమున మొదటి యంకమునకు చిత్రదర్శనమని పేరు. అందు లక్ష్మణుడు చిత్రకారునిచే వ్రాయించిన రామకథా చిత్రములను సీతారాములకు వరుసగా చూపుచు వచ్చును. ఒక చిత్రము వెనుక మరియొక చిత్రము, ప్రతి చిత్రమునకును ఒక వ్యాఖ్య. బొమ్మల కథ యనగా నిదియే గదా! శూర్పణఖ బొమ్మను చూచి సీత బెదరగా, అది చిత్రము మాత్రమేయని రాముడు ఊరడింపవలసి వచ్చెను. బొమ్మకు గల బలమును ఇంతకన్న చక్కగా చెప్పుట కష్టము.

విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని వేగులవాడు నిపుణకుడు యమపటమును చేతబట్టి, పాటలు పాడుచు ఇంటింట తిరుగును. ఆ పటము చూపు నెపముననే చందనదాసుని యిల్లు సొచ్చి, రాక్షసమంత్రి ముద్రికను సంపాదించును. పటము చూపి కథ చెప్పి పొట్ట పోసికొను వారు ఆ కాలమునకే వీథులలో నుండిరని దీనివలన తెలియుచున్నది.

తెలుగున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటల ప్రసక్తి చేసెను. నెల్లూరు మండలమున డి.సి. పల్లి తోలుబొమ్మల పనివారికి నేటికిని ప్రసిద్ధి కలదు. దక్షిణమున శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములను చూచినవారికి బొమ్మల పత్రిక క్రొత్తగా తోపదు. వస్త్రమును గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో రామాయణ భారత ఘట్టముల నొక్కొక్కటి చిత్రించి, క్రింద తెలుగు లిపిలో కథాంశమును వ్రాయుట అచటి సంప్రదాయము. కాగితమునకు బదులు గుడ్డ, అచ్చుయంత్రమునకు బదులు కలము, భేదమంతే.

అచ్చు బొమ్మల కాలము

ఐరోపాలో జినీవా పట్టణపు ఉపాధ్యాయుడు రొడాల్ఫ్ టోఫర్ 1830ల దశకమున బొమ్మల వరుసలతో హాస్యకథలను ప్రచురించెను. అమెరికాలో 1890ల దశకమున వార్తాపత్రికలు పోటీపడి ఆదివారపు బొమ్మలు వేసెను. ఔట్‌కాల్ట్ చిత్రించిన పచ్చచొక్కా కుర్రవాడు ఆ పోటీలో పేరుగాంచెను. తెలుగు పత్రికలలో తలిశెట్టి రామారావు భారతి మొదలగు పత్రికలకు వ్యంగ్యచిత్రములు వ్రాసి ఈ విద్యకు ఆద్యుడనిపించుకొనెను.

పిల్లల కొరకు 1945వ సంవత్సరమున మద్రాసునుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాల పత్రికను వెలువరించిరి. రేడియో అన్నయ్య, అక్కయ్య అని తెలుగునాడంతయు పిలిచినది వీరినే. తరువాత బాపు అను పేర లోకప్రసిద్ధుడైన సత్తిరాజు లక్ష్మీనారాయణ బాల్యమున గీచిన బొమ్మలు మొదట అచ్చయినది ఈ పత్రికయందే.

1947 జూలై నెలలో, స్వాతంత్ర్యమునకు నెల ముందుగా, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను స్థాపించిరి. తెలుగుతో పాటు అరవమున అంబులిమామ యను పేర అదియే వెలువడెను. కాలక్రమమున కన్నడము, హిందీ, మరాఠీ, మలయాళము, గుజరాతీ, ఆంగ్లము మొదలగు భాషలకు అది వ్యాపించెను. కొడవటిగంటి కుటుంబరావు 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు దాని సంపాదకత్వ భారము వహించి, పిల్లలకు తగిన తేటతెలుగును నిలిపెను. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర యను పేర వ్రాసిన టి.వి. రాఘవన్, శంకర్ అను పేర వ్రాసిన కె.సి. శివశంకరన్, వడ్డాది పాపయ్య - ఈ నలువురి కుంచెలు దానికి నాలుగు స్తంభములు.

ఆచార్య వ్రాసిన మహాభారత ముఖచిత్రములు నెల్లూరు వారికి మరింత ఆత్మీయములు. పెన్నానది యొడ్డున తిక్కన తెనిగించిన ఆ కథనే అక్షరములు రాని పిల్లవాడును అట్టమీద చూచి గ్రహింపగలిగెను. బేతాళ కథల సంగతి యింకను విశేషము. సోమదేవుని కథాసరిత్సాగరమున బేతాళుడు చెప్పిన కథలు ఇరువదియైదు మాత్రమే. చందమామలో ఆ లెక్క ముగిసినను కథ ముగియలేదు. అదే చట్రమున క్రొత్త కథలు దశాబ్దముల తరబడి వచ్చెను. కత్తి చేతబట్టి, శవమును భుజమున వేసికొని నడచు విక్రమార్కుని శంకర్ గీచిన రూపమే జనులకు విక్రమార్కుని నిజరూపమై నిలిచెను. ఆ చిత్రకారుడు 2020వ సంవత్సరమున పరమపదించెను.

చందమామలో కథలకు బొమ్మలుండుటే కాక, బొమ్మలే కథగా నడచు పుటయు నుండెడిది. దాసు, వాసు అను నిద్దరు పిల్లలు, వారి కుక్క టైగర్ - చిత్ర గీచిన ఈ పుటను పిల్లలు అక్షరముల సాయము లేకయే చదివెడివారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి బుజ్జాయి యను పేర డుంబు బొమ్మల కథలను తెలుగువారికిచ్చి, 1960ల దశకమున ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రమును బొమ్మల కథగా నడపి దేశమంతట పేరొందెను. ముళ్లపూడి వెంకటరమణ బుడుగునకు బాపు ఇచ్చిన రూపము జగద్విదితమే. 1964 మార్చి నెలలో ఇంద్రజాల్ కామిక్స్, 1967లో అనంత్ పాయ్ చేపట్టిన అమర చిత్రకథ బొంబాయినుండి మొదలయ్యెను. నేడు సేకరించువారు వెదకునవి ముఖ్యముగా ఇవియే.

తీరమునకు వచ్చుట, తీరమున నశించుట

ఈ పత్రికలలో పెక్కు మద్రాసున అచ్చయినవి. నెల్లూరు తీరమునకు మద్రాసు దూరము కాదు. 1899 నాటికే మద్రాసు బెజవాడల నడుమ రైలుదారి యేర్పడెను. బకింగ్‌హాం కాలువమీద ఉప్పు, కట్టెలు మోయు పడవలు తీరపు రేవులను మద్రాసుతో కలిపెను. ఊరి కొక ప్రతి వచ్చినను చాలును. ఒకడు చదువగా పదిమంది వినెడివారు, ఆ పదిమందియు బొమ్మలకై మెడలు సాచెడివారు. చేతులు మారినకొలది మొదట అట్ట ఊడెడిది, పిమ్మట తొలి పుట, ఆ పిమ్మట కడపటి పుట.

కాగితమును చంపుటకు ఈ తీరమున శత్రువులు పెక్కు. చవుక పత్రికలకు వాడిన కట్టెగుజ్జు కాగితమున ఆమ్లగుణ ముండుటచే కాలక్రమమున అది పసుపుబారి, పెళుసై, ముట్టుకొన్నంతనే విరుగును. ఉప్పుగాలికి పత్రికను కుట్టిన ఇనుపతీగె తుప్పుపట్టి, నడిమి పుటలను తినివేయును. చెదలు, వెండిపురుగు తమ వంతు తాము పుచ్చుకొనును. వీనికి తోడు తుఫానులు. 1927 నవంబరు నాటి నెల్లూరు గాలివానను వృద్ధులు తరతరముల వరకు చెప్పుకొనిరి. 1984 నవంబరులో శ్రీహరికోట దాపున, 1989 నవంబరులో కావలి దాపున తీరము దాటిన తుఫానులు ఎన్ని యిండ్ల పైకప్పులను ఎత్తివేసెనో తీరవాసులెరుగుదురు. కప్పు లేచిన యింట అటకమీది కాగితముల గతి వేరుగ చెప్పనక్కరలేదు.

మనుష్యులు చేసిన నష్టమును తక్కువ కాదు. బడి పుస్తకములకు అట్టలుగా, అంగడిలో పొట్లములుగా, దసరా బొమ్మల కొలువునకు కత్తిరించిన అలంకారములుగా ఎన్ని సంచికలు గతించెనో! ధారావాహికలను మాత్రము కత్తిరించి కుట్టించుకొనుట నాటి చదువరుల కొక ముచ్చట. కథ చదువగోరువానికి అది అమూల్యమైన పుస్తకము. సంచికలను కూర్చువానికి మాత్రము పండ్రెండు సంచికలను చంపి పుట్టిన పుస్తకము. ఒకే వస్తువు ఒకనికి లాభము, మరియొకనికి నష్టము అగుట ఇట్లు.

వెల ఎట్లు కలుగును?

వెలకు మూలము అరుదుదనము. అరుదుదనమునకు మూలము నాశము. దీనికి అమెరికా దేశపు నిదర్శనము ప్రసిద్ధమైనది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిద్దరు యువకులు సూపర్‌మాన్ అను వీరుని కల్పించి, 1938లో ఆ హక్కును 130 డాలర్లకు విక్రయించిరి. ఆ వీరుడు మొదట కనబడిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక నాటి వెల 10 సెంట్లు. అచ్చయిన ప్రతులు రెండు లక్షలని చెప్పుదురు; నేడు మిగిలినవి నూరు మాత్రమేయని అంచనా. యుద్ధకాలమున పాత కాగితములను ప్రభుత్వము సేకరించుట, తల్లులు ఇల్లు చక్కబరచుచు పారవేయుట ఇందుకు కారణములు. అందులో చక్కగ నిలిచిన ఒక ప్రతి 2024వ సంవత్సరమున వేలములో 60 లక్షల డాలర్లు పలికెను. అన్నిటికన్న ఆలోచింపదగిన దొకటి కలదు. ఆ యువకులకు 130 డాలర్లు చేర్చి యిచ్చిన చెక్కు కాగితమే 2012లో 1,60,000 డాలర్లకు అమ్ముడుపోయెను. కల్పించినవారి ప్రతిఫలము కన్న, ఆ ప్రతిఫలమునకు గుర్తయిన కాగితము వేయిరెట్లకు పైగా పలికినది. ఆ యిరువురికి 1975లో గాని సంవత్సరమునకు 20,000 డాలర్ల భృతి యేర్పడలేదు. వెల యెప్పుడును కాగితము నట్టిపెట్టుకొన్నవానిని చేరును గాని, బొమ్మ గీచినవానిని వెదకికొని పోదు.

ఆ దేశమున 1970లో ఓవర్‌స్ట్రీట్ అను నాతడు పాత బొమ్మల పుస్తకముల ధరలపట్టిక నొకటి ప్రకటించెను. 2000వ సంవత్సరమున ప్రతుల స్థితిని పరీక్షించి పదికి ఇన్ని యంకములని నిర్ణయించు సంస్థ యేర్పడెను. తెలుగు పత్రికలకు అట్టి ప్రామాణికమైన ధరలపట్టిక లేదు. అమ్మువాని అవసరము, కొనువాని ఆసక్తి కలిసిన చోటనే వెల నిలుచును. అందుచే తెలియనివాడు మోసపోవుట సులభము.

పరీక్షా విధానము

కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోశాగారమునకు వచ్చు రత్నములను ఎట్లు పరీక్షింపవలెనో ఒక ప్రకరణమంతయు వివరించెను. పుట్టిన చోటు, రంగు, నిగ్గు, దోషము - వీనిని చూచి గాని రత్నమును లెక్కలో వ్రాయరాదు. పాత పత్రికకును ఇట్టి పరీక్షలే కలవు.

మొదటిది పూర్ణత. అట్టలు రెండును, ప్రకటనల పుటలతో సహా అన్ని పుటలును ఉండవలెను. ప్రకటనలు పనికిరానివని చించుట తప్పు. ఆనాటి సబ్బు, కలము, పిప్పరమెంటు బిళ్ల ఎట్లుండెనో చెప్పునవి అవియే. పోటీలకై కత్తిరించిన చీటీ స్థానమును గూడ చూడవలెను.

రెండవది స్థితి. మరక, చెద, మడత, పిల్లల పెన్సిలు గీతలు వెలను తగ్గించును. పారదర్శకమైన అంటుపట్టీ వేసి అతికించుట అన్నిటికన్న చెరుపు. కొన్నియేండ్లకు ఆ జిగురు గోధుమరంగు మరకయై కాగితములోనికి దిగును.

మూడవది తొలిముద్రణ. పాత కథలను, పాత బొమ్మలను పత్రికలే మరల మరల ప్రచురించుట కలదు. బొమ్మ పాతదైనంత మాత్రమున సంచిక పాతది కాదు. నెల, సంవత్సరము, సంపుటి సంఖ్య, ముద్రించిన వెల చూచి నిర్ణయింపవలెను. అణాలలో వెల యున్నచో 1957 ఏప్రిల్ నాటి నాణెముల మార్పునకు పూర్వపు దగునని స్థూలముగ గ్రహింపవచ్చును. ఆ పిమ్మట కొంతకాలము రెండు లెక్కలును చెల్లినవని మరువరాదు.

నాలుగవది వరుస. విడి సంచిక యొకటి ముచ్చటకు మాత్రమే. ఒక సంవత్సరపు పండ్రెండును చేరినప్పుడు దాని విలువ పండ్రెండు రెట్లు కాక అంతకు మించియుండును. ధారావాహిక నడుమ ఒక నెల లోపించిన దుఃఖము చదివినవారికే తెలియును.

ఐదవది వంశము, అనగా ఆ ప్రతి యెవరి యింటనుండి ఎట్లు వచ్చెనను చరిత్ర. గ్రంథాలయపు ముద్ర వెలను తగ్గించునని వర్తకులందురు. నిజమే. కాని ఆ ముద్రయే, ఏ యూరిలో ఏ యేట ఆ పత్రిక చదువబడెనో చెప్పు సాక్ష్యము. బైండు చేయించునపుడు అంచులు కోయుటవలన వెల తగ్గును. అట్లు బైండు చేయింపనిచో అనేక సంచికలు నేటివరకు నిలిచియే యుండవు.

వెల వేరు, విలువ వేరు

చందమామ 1998లో కొంతకాలము ఆగి, 1999 డిసెంబరులో మరల వెలువడి, 2007లో యాజమాన్యము మారి, 2012-13 నాటికి నిలిచిపోయెను. క్రొత్త సంచిక రాదని తెలిసినపిమ్మట పాత సంచికలపై మక్కువ పెరిగెను. అంతర్జాలమున వాని ఛాయాప్రతులు లభించుచున్నవి. అది గొప్ప ఉపకారము. కాని ఛాయాప్రతి కలదని మూలమును పారవేయుట, దస్తావేజు నకలు కలదని అసలును పొయ్యిలో వేయుటవంటిది. కాగితము తీరు, సిరా రంగు, ఊడిన పుటల లెక్క, ప్రక్కన చిన్నచేతులు వ్రాసిన పేర్లు - ఇవి అసలునందే చూడవలయును.

పల్లె గ్రంథాలయము పత్రికలను కాపాడగలదా యని సందేహించువారు వేటపాలెమును తలచుకొనవలెను. 1918లో మొలకెత్తి, 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిన భవనమున వర్ధిల్లిన సారస్వత నికేతనము సముద్రతీరమునకు దాపుననే యున్నది. ఆ గాలి యిదియే, ఆ ఉప్పు యిదియే. అయినను పాత వార్తాపత్రికలను, మాసపత్రికలను సంపుటములుగ కట్టి నిలుపుటచే దేశవిదేశముల పరిశోధకులు ఆ పల్లెకు వచ్చిరి. అచటి పెద్దలు చేసినది మహాద్భుతము కాదు. వచ్చిన పత్రికను వచ్చినట్లు లెక్కవ్రాసి, ఏడాది తిరుగగనే కుట్టించి, పదిలపరచిరి. మరియొక చోట చిత్తుకాగితముల తక్కెడకు పోయినది అచట చరిత్రయయ్యెను.

నేటి పరిస్థితి యేమి? పెద్దలు గతించిన పిమ్మట, పిల్లలు పట్టణములలో స్థిరపడిన పిమ్మట, పాత యిల్లు దులుపుట తటస్థించును. ఆనాడు వాకిట నిలుచువారు ఇద్దరు. ఒకడు కిలోల లెక్కన తూచికొని పోవు చిత్తుకాగితములవాడు. రెండవవాడు వరుసలో తనకు కావలసిన నాలుగు సంచికల నేరుకొని తక్కినవి విడుచు వర్తకుడు. మొదటివానిచే అంతయు నశించును. రెండవవానిచే వరుస చెడును. అమ్ముకొనుట నేరమనుటకు వీలులేదు; సొంత సొత్తుపై ఇంటివారిదే అధికారము. కాని ఇంటివారు వాకిటిలోనికి పిలువదగిన మూడవవా డొకడు కలడు. అది గ్రంథాలయము.

గ్రంథాలయము చేయవలసినదియు భారమైనది కాదు. దానమిచ్చినవారి పేరు, తేది, సంచికల నెల, సంవత్సరము, లోపించిన పుటల సంఖ్యతో ప్రత్యేకమైన ఖాతా నొకటి తెరువవలెను. నేలకు ఎత్తుగ, గోడకు ఎడముగ అరలుంచి, తుప్పుపట్టిన తీగెలను తీసి నూలుదారముతో కుట్టింపవలెను. బైండు చేయించునపుడు అంచులు కోయవలదని పనివానికి ముందే చెప్పవలెను. ఎండవేపాకు, వసకొమ్ము అరలలో నుంచుట పెద్దలనాటి పద్ధతి. మాసమున కొకసారి తెరచి చూచుట దానికన్న మేలైన పద్ధతి. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు మొదట ఎత్తవలసిన పెట్టె యేదో ముందుగనే నిర్ణయించుకొనవలెను. చదువగోరు పిల్లలకు ఛాయాప్రతి నిచ్చి, ఏటి కొకమారు అసలును బల్లపై పరచి చూపవలెను. తాళము వేసి దాచుటచే కాగితము నిలుచును గాని కథ నిలువదు.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరముల జమాఖర్చు కలదు. అందు పుస్తకముల సంఖ్యయు, చందాదారుల సంఖ్యయు కలవు. పాత బొమ్మల పత్రికలు ఆ లెక్కలో "ధర లేనివి" అను వరుసలో చేరును. ధర లేనివి యను మాటకు వ్యర్థములని అర్థము చెప్పుకొన్నచో అవి తక్కెడకు పోవును. అమూల్యములని అర్థము చెప్పుకొన్నచో బీరువాకు చేరును. ఆ అర్థమును నిర్ణయించు బాధ్యత చందాదారులదే. ఇంటింట మిగిలిన నాలుగైదు సంచికలు ఒక్క కప్పు క్రిందికి చేరినచో, రానున్న ఇరువదియైదేండ్లలో ఈ తీరమున పుట్టు పిల్లలకు, వారి తాతలు దేనిని చూచి నవ్విరో, దేనిని చూచి బెదరిరో తెలిసికొను దారి తెరచియుండును.